కిల్ -9కి కూడా లొంగని ప్రాసెస్

సందేహం: మా లైనక్స్ సర్వర్‌లో బ్యాకప్ ప్రాసెస్ ఒకటి రెండు గంటలుగా కదలడం లేదు. ప్రాసెస్‌ను బలవంతంగా ఆపే కిల్ -9 కమాండ్ నాలుగైదుసార్లు కొట్టినా లిస్టులో అలాగే ఉంది. లోడ్ యావరేజ్ (సిస్టమ్‌పై సగటు పని భారం) 30 దాటింది, సీపీయూ మాత్రం దాదాపు ఖాళీ. రీబూట్ చేయక తప్పదా?

సమాధానం: టెన్షన్ పడి వెంటనే రీబూట్ చేయకండి. లోడ్ ఎక్కువ, సీపీయూ ఖాళీ అన్నారు చూడండి, అసలు విషయం అక్కడే దొరుకుతుంది. లైనక్స్ లోడ్ యావరేజ్‌లో సీపీయూ వాడుతున్న ప్రాసెస్‌లే కాదు, డిస్క్ లాంటివాటి జవాబు కోసం ఆగిపోయినవి కూడా లెక్కలోకి వస్తాయి.

ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్ ఏయూఎక్స్ కమాండ్ ఇచ్చి, వాటి స్థితి చెప్పే స్టాట్ కాలమ్ చూడండి. మీ ప్రాసెస్‌కు ‘డి’ అని ఉంటుందని నా అంచనా. అంటే అది కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) లోపల ఏదో రీడ్ లేదా రైట్ పూర్తి కావడం కోసం ఎదురుచూస్తోంది. అంతవరకూ కిల్ పంపే ఏ సిగ్నలూ దాన్ని లేపజాలదు. మీరు పంపిన 9వ నంబర్ సిగ్నల్ ఎక్కడికీ పోలేదు, కాచుకుని ఉంది. ప్రాసెస్ మేలుకోగానే అదే చంపేస్తుంది. పదిసార్లు పంపినా ఒక్కసారి పంపినట్టే.

కాబట్టి ప్రాసెస్‌ను వదిలేసి, అది దేనికోసం ఆగిందో పట్టుకోండి. రూట్‌గా లాగినై, ప్రాక్ డైరెక్టరీలో దాని పీఐడీ (ప్రాసెస్ నంబర్) కింద ఉన్న స్టాక్ ఫైల్ చదవండి. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ కమాండ్‌లో 120 సెకన్లకు పైగా బ్లాక్ అయిందన్న హెచ్చరిక ఉందేమో చూడండి. ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీదుగా వేరే సర్వర్ ఫైళ్లు వాడుకునే పద్ధతి) పేరు కనిపిస్తే అవతలి స్టోరేజ్ సర్వర్ పలకడం లేదన్నమాట. హార్డ్ మౌంట్ (జవాబు వచ్చేదాకా వదలని రకం కనెక్షన్) అయితే ఆ సర్వర్ తిరిగొచ్చేదాకా మీ మెషీన్ అడుగుతూనే ఉంటుంది. సర్వర్‌నో నెట్‌వర్క్‌నో సరిచేస్తే ఇరుక్కున్నవన్నీ వాటంతటవే కదులుతాయి. డిస్క్ ఐఓ ఎర్రర్లు కనిపిస్తే మాత్రం ముఖ్యమైన డేటాను ముందు వేరేచోటికి కాపీ చేసుకోండి.

ఏదీ కుదరకపోతే రీబూటే. కానీ మామూలు రీబూట్ కూడా అన్‌మౌంట్ (స్టోరేజ్‌ను విడదీయడం) దగ్గర ఇరుక్కుపోవచ్చు. అందుకే ముందే కన్సోల్ యాక్సెస్ (సర్వర్‌ను నేరుగా నడిపే దారి) చేతిలో ఉంచుకోండి.

స్టాట్‌లో ‘జెడ్’ ఉంటే అది జాంబీ. ఇప్పటికే చచ్చిపోయింది, చంపడానికేమీ లేదు. దాన్ని మొదలుపెట్టిన పేరెంట్ ప్రాసెస్‌ను రీస్టార్ట్ చేస్తే పోతుంది. ‘టి’ ఉంటే ఎవరో ఆపి ఉంచారు, కిల్ -కాంట్ ఇస్తే మళ్లీ నడుస్తుంది.

ఇంకొక్క మాట. మొదటి దెబ్బకే 9 వాడకండి. నంబర్ లేకుండా కిల్ ఇస్తే 15 (మర్యాదగా ఆగమనే సిగ్నల్) వెళ్తుంది. అప్పుడు ప్రోగ్రామ్ ఫైళ్లు మూసి, లాక్‌లు (ఇంకెవరూ వాడకుండా పెట్టుకున్న గుర్తులు) తీసి వెళ్లగలదు. 9కి ఆ అవకాశమే లేదు. డేటాబేస్‌ల విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం. సిస్టమ్‌డీ (లైనక్స్ సర్వీస్‌లను నడిపే ప్రోగ్రామ్) సర్వీస్ అయితే సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ వాడండి. మామూలు సెట్టింగుల్లో అది ముందు 15 పంపి, 90 సెకన్లు చూసి, అప్పుడు తనే 9 పంపుతుంది.

మీ బ్యాకప్ ప్రాసెస్ పోయాక లాక్ ఫైల్ మిగిలిందేమో చూడండి. సగంలో ఆగిన ఆ కాపీని నమ్మకుండా, బ్యాకప్ మొదటి నుంచి మళ్లీ తీయండి.