బ్యాకప్ ఎక్కడ ఆగింది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంట్లో రౌటరుకో, నాస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచే) పెట్టెకో ఒక హార్డ్ డిస్కు తగిలించి, ఇంటిల్లిపాదీ తమ కంప్యూటర్ల బ్యాకప్‌ను అందులోకే పంపుకునే ఏర్పాటు గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబు ఇస్తున్నాము. అందరూ అనుమానించింది డిస్కునే. నాలుగింటిలోనూ డిస్కు నిక్షేపంగా ఉంది.

ప్రశ్న: మా రౌటరుకు 1 టీబీ హార్డ్ డిస్కు తగిలించి, పాస్‌వర్డ్ ఏమీ పెట్టకుండా షేర్ చేశాను. విండోస్ 10 హోమ్ ఉన్న నా పాత ల్యాప్‌టాప్ మూడేళ్లుగా ఏ పేచీ లేకుండా అందులోకి బ్యాకప్ తీసుకుంటోంది. ఈ మధ్య కొన్న విండోస్ 11 ప్రో ల్యాప్‌టాప్ మాత్రం ఆ ఫోల్డర్‌ను తెరవనివ్వడం లేదు. గుర్తింపు చూపని అతిథుల ప్రవేశాన్ని మీ సంస్థ భద్రతా విధానాలు అడ్డుకుంటున్నాయని ఇంగ్లీషులో ఒక వాక్యం చూపిస్తోంది. నేను ఉద్యోగ విరమణ చేసి ఆరేళ్లయింది. ఇప్పుడు నాకు ఏ సంస్థా లేదు. డిస్కు పాడైందనుకోవాలా?
— విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ

జవాబు: మీ డిస్కుకు ఏమీ కాలేదు, మిమ్మల్ని మళ్లీ ఏ సంస్థా ఉద్యోగంలో చేర్చుకోలేదు. ఆ వాక్యాన్ని కార్యాలయాల కంప్యూటర్ల కోసం రాశారు, అది మన ఇళ్లలోనూ అలాగే కనిపిస్తోంది. 2024 అక్టోబరులో విడుదలైన విండోస్ 11 24హెచ్2 కూర్పు నుంచి ప్రో రకంలో రెండు మార్పులు వచ్చాయి. పాస్‌వర్డ్ లేని షేర్‌లోకి అతిథిగా వెళ్లడాన్ని విండోస్ తనంతట తానే నిలిపివేస్తోంది. దానితో పాటు, నెట్‌వర్క్ మీద ఫైళ్లు నడిచే ఎస్‌ఎంబీ సంభాషణలో ప్రతి సందేశానికీ సంతకం ఉండాలని పట్టుబడుతోంది. ఆ సంతకానికి కావలసిన తాళంచెవి మీ పాస్‌వర్డ్ నుంచి పుడుతుంది కాబట్టి, పాస్‌వర్డే లేని అతిథికి సంతకం చేసే వీలు ఉండదు. మీ పాత ల్యాప్‌టాప్‌కు ఈ నియమాలు లేవు, అందుకే దానికి ఇప్పటికీ దారి దొరుకుతోంది.

ఈ చిక్కుకు వీడియోల్లో దొరికే చిట్కా ఒకటుంది. విండోస్ అమరికలు దాగి ఉండే రిజిస్ట్రీలోకి వెళ్లి అతిథి ప్రవేశాన్ని తిరిగి అనుమతించడం, సంతకాన్ని మాన్పించడం, అదీ చాలకపోతే ఎస్‌ఎంబీ పాత కూర్పు అయిన ఎస్‌ఎంబీ 1ని తిరిగి వేసుకోవడం. పని జరుగుతుంది, కాదనము. కానీ రౌటరు ఒక్కదాని కోసం ల్యాప్‌టాప్ తలుపు తీసి పెడితే, అదే ల్యాప్‌టాప్‌ను మీరు రైల్వే స్టేషన్ వైఫైకి కలిపినప్పుడు కూడా ఆ తలుపు తీసే ఉంటుంది. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్) దాదాపు 150 దేశాల్లో కంప్యూటర్లను పట్టి పీడించింది ఆ ఎస్‌ఎంబీ 1లోని లోపం ద్వారానే. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 1709 కూర్పు నుంచి దాన్ని మామూలుగా అమర్చడమే మానేశారు.

చేయవలసింది రౌటరు వైపు ఉంది. బ్రౌజర్‌లో రౌటరు చిరునామా కొట్టి (చాలా ఇళ్లలో అది 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ అవుతుంది) దాని సెట్టింగ్స్‌లోకి వెళ్లి, యూఎస్‌బీ షేరింగ్ అనే చోట బ్యాకప్ కోసమే ఒక కొత్త యూజర్ పేరును, పాస్‌వర్డ్‌ను సృష్టించండి. ఆ ఫోల్డర్‌లో రాసే హక్కు దానికి ఇచ్చి, అతిథి ప్రవేశాన్ని మూసేయండి. ఆ తరువాత ల్యాప్‌టాప్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరిచి, క్రెడెన్షియల్ మేనేజర్‌లో విండోస్ క్రెడెన్షియల్స్ కింద రౌటరు చిరునామాను, ఆ పేరును, పాస్‌వర్డ్‌ను చేర్చండి. ఇంతకు ముందు చేసిన ప్రయత్నాల తాలూకు పాత నమోదులు అక్కడ కనిపిస్తే ముందు వాటిని తీసేసి, ఒకసారి సైన్ అవుట్ అయి మళ్లీ లోపలికి రండి. ఒకే సర్వరు దగ్గరికి ఒకే మనిషి రెండు పేర్లతో వెళ్లడాన్ని విండోస్ ఒప్పుకోదు. ఆ సందర్భంలో అది 1219 అనే అంకె చూపిస్తుంది, మనం మాత్రం పాస్‌వర్డ్ తప్పు కొట్టామేమో అని పదే పదే కొడుతూ కూర్చుంటాము.

అతిథి ప్రవేశం మూసిన క్షణం నుంచి పాత ల్యాప్‌టాప్ బ్యాకప్ కూడా ఆగిపోతుంది కాబట్టి, ఆ కొత్త పేరును అక్కడ కూడా నమోదు చేయండి. మీ రౌటరుకు ఎస్‌ఎంబీ 1 తప్ప మరేమీ రాదని తేలితే ఈ పద్ధతి పనిచేయదు. తెలుసుకోవడానికి పాత ల్యాప్‌టాప్‌లో ఆ ఫోల్డర్‌ను తెరిచి ఉంచి, ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి, గెట్-ఎస్‌ఎంబీకనెక్షన్ అనే ఆదేశం ఇవ్వండి. డయలెక్ట్ అనే గడిలో అంకె 2తోనో 3తోనో మొదలైతే మంచిదే. 1తో మొదలైతే రౌటరు తయారీదారు కొత్త ఫర్మ్‌వేర్ (రౌటరు లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చారేమో చూడండి. లేదంటే డిస్కును రౌటరు నుంచి తీసి నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించి బ్యాకప్ తీసుకోవడం మేలు.

ఇంకొక్క మాట. రౌటరు బదులు మరో విండోస్ కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను షేర్ చేసుకున్న పాఠకులు, పాస్‌వర్డ్ అడిగిన చోట రోజూ తెర తీయడానికి కొట్టే నాలుగంకెల పిన్‌ను కొడుతుంటారు. పిన్ ఆ యంత్రం దగ్గర మాత్రమే చెల్లుతుంది. నెట్‌వర్క్ మీద అడిగేది ఆ కంప్యూటర్‌లోని ఖాతాకు ఉన్న అసలు పాస్‌వర్డ్.

ప్రశ్న: ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను. రాత్రి 11 గంటలకు టాస్క్ షెడ్యూలర్ ద్వారా, ఫైళ్లను కాపీ చేసే విండోస్ ఆదేశం రోబోకాపీ నడిచి, డీ డ్రైవ్‌లోని పనులన్నీ నాస్ మీద ఉన్న జెడ్ డ్రైవ్‌లోకి కాపీ అయ్యేలా పెట్టుకున్నాను. నేను కూర్చుని నడిపిస్తే చక్కగా నడుస్తుంది. రాత్రి దానంతటదే నడిచినప్పుడు 0x10 అని చూపించి ఆగిపోతుంది. ఒక రాత్రి మొదలైంది కానీ తెల్లవారినా పూర్తి కాలేదు. పైగా కొన్ని ఫైళ్లు నేను నడిపినా సరే ఎక్కడం లేదు.
— తెనాలి పాఠకురాలు

జవాబు: మీరు ఒక జబ్బు అనుకుంటున్నవి మూడు జబ్బులు, ఒక్కొక్కటిగా చూద్దాము.

జెడ్ అనే అక్షరం కంప్యూటర్ మొత్తానికి చెందినది కాదు. మీరు లాగిన్ అయినప్పుడు మీ సెషన్ కోసం విండోస్ కట్టి ఇచ్చిన ముద్దుపేరు అది. మీరు లాగిన్ అయి ఉన్నా లేకున్నా నడపమని టాస్క్‌లో టిక్కు పెట్టినా, అత్యధిక హక్కులతో నడపమని టిక్కు పెట్టినా, ఆ పని వేరే సెషన్‌లో నడుస్తుంది, అక్కడ జెడ్ ఉండదు. రోబోకాపీ భాషలో 16, అంటే విండోస్ చూపించిన 0x10, ఏమీ కాపీ కాలేదని అర్థం. (0x1 చూసి మాత్రం కంగారు పడకండి, ఫైళ్లు కాపీ అయ్యాయనే దాని అర్థం. 8 కంటే తక్కువ అంకె ఏది వచ్చినా వైఫల్యం లేదన్నట్టే.) అక్షరం బదులు రెండు వెనుక గీతలతో మొదలయ్యే పూర్తి చిరునామా రాయండి: \\192.168.1.20\బ్యాకప్ అన్న పద్ధతిలో. మీరు లాగిన్ అయి ఉన్నప్పుడే నడిచేలా టాస్క్‌ను మార్చి, రాత్రి తెరకు తాళం వేసి వదిలేయండి, లాగ్ అవుట్ కావద్దు. కరెంటు పోయి వచ్చాక రౌటరు నాస్‌కు వేరే ఐపీ అంటగట్టవచ్చు కనుక, రౌటరులో అడ్రస్ రిజర్వేషన్ అనే చోట ఆ చిరునామాను నాస్‌కే ఖాయం చేయండి.

తెల్లవారినా పూర్తి కాకపోవడానికి, ఆ రాత్రి మీరు పేజ్‌మేకర్‌లో ఒక ఫైలును తెరిచి వదిలేసి పడుకొని ఉండాలి. తెరిచి ఉన్న ఫైలు రోబోకాపీకి చిక్కకపోతే అది 30 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. మనం చెప్పకపోతే ఎన్నిసార్లంటే, 10 లక్షల సార్లు. లెక్క వేస్తే ఒక్క ఫైలు దగ్గర దాదాపు 347 రోజులు! ఇంత ఓపిక ఉన్న ప్రోగ్రామును మేము మరొకటి చూడలేదు. ఆదేశం చివర /ఆర్:2 /డబ్ల్యూ:5 అని (అక్షరాలు ఇంగ్లీషులో) చేరిస్తే రెండుసార్లు, ఐదేసి సెకన్ల ఎడంతో ప్రయత్నించి ముందుకు సాగుతుంది. అదే ఆదేశంలో ఎంఐఆర్ అనే మాట ఉంటే మాత్రం జాగ్రత్త: డీ డ్రైవ్‌లో మీరు పొరపాటున చెరిపిన ఫైలును అది ఆ రాత్రే నాస్ మీద కూడా చెరిపేస్తుంది.

ఎక్కని ఫైళ్ల జాబితా మీరు పంపారు. అన్నీ పొడవైన తెలుగు పేర్లే. చాలా నాస్ పెట్టెల లోపల లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది, అక్కడ ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. విండోస్‌లో హద్దు 255 అక్షరాలు. ఇంగ్లీషు పేర్లకు ఈ తేడా తెలియదు, ఎందుకంటే అక్కడ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి సంకేతానికీ మూడు బైట్లు కావాలి, మనం ఒక్క అక్షరంగా పలికే "స్త్రీ"లో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి అని ఆరు సంకేతాలు, వెరసి 18 బైట్లు. మీ జాబితాలోని "శ్రీ వేంకటేశ్వర స్వామి వారి కల్యాణ బ్రహ్మోత్సవాల ఆహ్వాన పత్రిక చివరి ప్రతి సవరించినది మూడవసారి" అనే ఫైలు, చివరి పీఎండీతో కలిపి, విండోస్ లెక్కలో 98 సంకేతాలు, నాస్ లెక్కలో 264 బైట్లు. తొమ్మిది బైట్లు ఎక్కువయ్యాయి. "చివరి ప్రతి" అన్నాక "మూడవసారి" ఎందుకో డీటీపీ చేసేవారికి మేము చెప్పనక్కరలేదు. ఆ రెండు మాటల్లో ఒకటి తీసేసినా ఫైలు ఎక్కుతుంది. నాస్ మీద ఫోల్డర్‌ను గుప్తీకరించి ఉంటే హద్దు ఇంకా దిగుతుంది: సినాలజీ పెట్టెల్లోని గుప్త ఫోల్డర్లలో అది 143 బైట్లు, తెలుగులో 47 సంకేతాలు.

ప్రశ్న: మొదటి బ్యాకప్ 500 జీబీ ఉంది. రౌటరు, నాస్, ల్యాప్‌టాప్ మూడూ గిగాబిట్‌వే, కేబులే వాడుతున్నాను. అయినా సెకనుకు 11 ఎంబీ దాటడం లేదు.
— విశాఖపట్నం పాఠకుడు

జవాబు: ఆ 11 అనే అంకే రోగాన్ని చెబుతోంది. 100 ఎంబీపీఎస్ లైను మీద ఫైళ్లు సెకనుకు 11, 12 ఎంబీల దగ్గర ఆగుతాయి. గిగాబిట్‌కు కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి, 100కు నాలుగు చాలు. గోడలోంచి కేబుల్ లాగినవారు నాలుగే క్రింప్ చేసి ఉంటారు, లేదా ఒక తీగ తెగి ఉంటుంది. పారదర్శకంగా ఉండే ఆ చిన్న ప్లగ్గును వెలుతురులో పట్టుకుని రంగులు లెక్కపెట్టండి. కేబుల్ మార్చాక 12 గంటలకు పైగా పట్టే పని, డిస్కు అందుకోగలిగితే, గంటన్నర లోపే అవుతుంది.

ప్రశ్న: నాస్ డ్రైవ్ ఎప్పుడూ తగిలే ఉంటుంది. వైరస్ వస్తే బ్యాకప్ కూడా పోతుందా?
— కర్నూలు పాఠకురాలు

జవాబు: పోవచ్చు. మీ ల్యాప్‌టాప్ రాయగలిగిన ప్రతి ఫోల్డర్‌లోనూ రాన్సమ్‌వేర్ కూడా రాయగలదు, దానికి సీ డ్రైవ్ అనీ నెట్‌వర్క్ డ్రైవ్ అనీ పట్టింపు లేదు. మీ నాస్‌లో స్నాప్‌షాట్ (ఆ క్షణాన ఫైళ్లు ఎలా ఉన్నాయో అలాగే దాచుకునే) సదుపాయం ఉంటే రోజుకొకటి తీసేలా పెట్టండి, ల్యాప్‌టాప్ నుంచి వాటిని చెరపడం కుదరదు. నాస్ అడ్మిన్ పాస్‌వర్డ్‌ను మాత్రం ఆ ల్యాప్‌టాప్‌లో దాచవద్దు. విండోస్ సిస్టమ్ ఇమేజ్‌ను (కంప్యూటర్ మొత్తానికి తీసే ప్రతిని) నెట్‌వర్క్ మీదకు తీసేవారు గమనించవలసింది, అక్కడ చివరి ప్రతి ఒక్కటే మిగులుతుంది, ముందుది చెరిగిపోతుంది. వీటికి తోడు ఒక యూఎస్‌బీ డిస్కు కొని, నెలకొకసారి నాస్ నుంచి కాపీ చేసి, తీగ ఊడదీసి బీరువాలో పెట్టండి. పెట్టే ముందు అందులోని ఫొటో ఒకటి వేరే కంప్యూటర్‌లో తెరుచుకుంటోందో లేదో చూసి, ఆ తేదీని డిస్కు మీద చీటీ అంటించి రాయండి.