రిటైరయ్యాక పొద్దు గడవడం లేదు.. యాత్రలకు తీసుకెళ్తే సరిపోతుందా?

ప్రశ్న: మావారికి 62 ఏళ్లు. హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి నాలుగు నెలల కిందట రిటైరయ్యారు. ఇప్పటికీ తొమ్మిదింటికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చుంటారు. పక్క వీధి బడి గంట వినపడగానే వాచీ చూసుకుంటారు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. ప్రతిదానికీ చిరాకే. ఎనిమిదేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర వాడుతున్నారు. పదిహేను రోజులు కాశీ, ప్రయాగ తిప్పితే మామూలు మనిషవుతారని పిల్లలంటున్నారు. నిజమేనా?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ఆ వాచీ సంగతి చదివి మనసు చివుక్కుమంది. మీవారికి దూరమైంది ఉద్యోగం ఒక్కటే కాదు, ముప్పై ఏళ్లకు పైగా ఆయన రోజును నడిపించిన గంట కూడా. కాశీ వెళ్లిరండి, తప్పులేదు. కానీ తిరిగొచ్చిన మర్నాడు ఉదయం తొమ్మిదింటికి మళ్లీ అదే వరండా ఉంటుంది కదా! అందుకే ముందు ఆ తొమ్మిది గంటల సంగతి చూద్దాం.

అంతకంటే ముందు రక్తపరీక్షలు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గొచ్చు. దానివల్ల నీరసం, దిగులు, కాళ్ల తిమ్మిర్లు వస్తాయి. బి12తో పాటు థైరాయిడ్, హిమోగ్లోబిన్, మూడు నెలల సగటు షుగర్ చూపించండి. మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు. మూడింటికే మెలకువ రావడం డిప్రెషన్‌లోనూ ఉంటుంది. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే సైకియాట్రిస్టుకు చూపించండి. ‘నేనెందుకింక’ లాంటి మాటలు వింటే అంతవరకూ ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక ప్రయాణాలు. నన్నడిగితే ముందు దగ్గరవే మొదలుపెట్టండి. ఏళ్ల తరబడి పిల్లలకు బౌద్ధ స్తూపాల పాఠం చెప్పుంటారు కదా, భట్టిప్రోలు మీకు పక్కనే. తర్వాత అమరావతి, ఉండవల్లి గుహలు, ఆపైన లాంచీలో నాగార్జునకొండ. ఎప్పుడు వెళ్లాలి, ఏ బస్సు ఎక్కాలి, ఎక్కడ తినాలి అన్నీ ఆయనకే వదిలేయండి. పిల్లలు టికెట్లు కొనిచ్చి రైలెక్కిస్తే ఆయన వెంట వెళ్లే మనిషి అవుతారంతే. ప్రయాణంలో భోజనం ఆలస్యమైతే గ్లిమెపిరైడ్ వల్ల షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే వెంటనే ఇవ్వడానికి గ్లూకోజ్ పొడో చక్కెరో చేతిసంచీలో ఉంచండి. గుడి మెట్లయినా, ప్రదక్షిణ అయినా ఎండకు కాలిన రాళ్ల మీద వట్టికాళ్లతో నడవనివ్వకండి. పాదాల్లో స్పర్శ తగ్గితే బొబ్బ లేచినా తెలియదు.

ఉదయం తొమ్మిదింటి పనికి నా సలహా ఒకటుంది. ఇన్నాళ్లూ నేర్పిన మనిషి కాబట్టి ఇప్పుడు ఆయన్ను నేర్చుకోనివ్వండి. పద్యనాటకాల ఊరు మీది, హార్మోనియం నేర్పేవాళ్లు దొరక్కపోరు. ఏదైనా సరే, ఇంటి బయట, నలుగురిలో, వారానికి మూడు రోజులైనా టైము ప్రకారం ఉండాలి. ట్యూషన్లు చెప్పమని అప్పుడే తొందరపెట్టొద్దు. ఆ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లడానికి ఒక చోటు దొరికితే చాలు. మధ్యాహ్నం కునుకు అరగంట దాటనివ్వకండి, సాయంత్రం నడిపించండి.

మీ గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఇంట్లో ఇప్పుడు రోజంతా ఇంకో మనిషి. మీ పూజ వేళ, సీరియల్ వేళ మీవిగానే ఉంచుకోండి. డాక్టరు దగ్గరకు మాత్రం ఇద్దరూ వెళ్లండి. ‘బాగానే ఉన్నాను’ అని ఆయన చెప్పేస్తారు, మూడింటికి లేచి కూర్చున్న సంగతి మీరే చెప్పాలి.