చవక ఫిల్మ్ కోసం ఖరీదైన అప్పు వద్దు

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. నాకు 31 ఏళ్లు. ప్రైవేటు కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం, చేతికి 38,000 వస్తుంది. ఇంట్లో అమ్మ, భార్య, రెండేళ్ల పాప. ఇంటి ఖర్చు 31,000, చీటీ 5,000. నాలుగు నెలల కింద 14,000 పెట్టి సెకండ్ హ్యాండ్ ఫిల్మ్ కెమెరా కార్డు మీద ఏడాది ఈఎంఐలో కొన్నాను. తీసేదంతా బ్లాక్ అండ్ వైటే, ఇప్పటికి మూడు రీళ్లయ్యాయి. రీలు 750. కొరియర్‌లో వేరే ఊరు పంపి కడిగించి, స్కాన్ చేయించుకుంటే మరో 600. ఫిల్మ్ ధరలు ఇంకా పెరుగుతాయంటున్నారు. అందుకే మనమే కత్తిరించి రీళ్లుగా చుట్టుకునే వంద అడుగుల బల్క్ రోల్స్ రెండు (19,000), చుట్టే లోడరు, ఖాళీ ఫిల్మ్ క్యాసెట్లు (4,500), ఇంట్లో కడుక్కోవడానికి ట్యాంకు, కెమికల్స్ (6,500), స్కానరు (16,000), మొత్తం 46,000 సామాను 16 శాతం వడ్డీకి ఏడాది ఈఎంఐలో తీసుకుందామనుకుంటున్నాను. కార్డు కుదరకపోతే లోన్ యాప్ ఉంది. బ్యాంకులో 22,000 ఉంది, అది కదపను. కార్డు లిమిట్ లక్షన్నర కాబట్టి అత్యవసరమొచ్చినా టెన్షన్ లేదు. కెంట్‌మియర్, ఫోమాపాన్, ఇల్‌ఫర్డ్‌లలో ఏది చవక? ఇంట్లో ఇంకా చెప్పలేదు.

జవాబు: ఏ ఫిల్మ్ అన్నది తర్వాత చెబుతాను. ముందు మీ ఉత్తరం చివర రాసిన మాట సంగతి చూడాలి. కార్డు లిమిట్ ఉంది కాబట్టి టెన్షన్ లేదన్నారు. ఈ మాట నాకు చాలామంది రాస్తుంటారు, అందుకే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను. లిమిట్ మీ డబ్బు కాదండీ, మీరింకా చేయని అప్పు. ఉద్యోగం పోయిన నెలలో దాన్ని వాడితే తీర్చడానికి జీతం ఉండదు. పైగా బ్యాంకు ఆ లిమిట్‌ను ఎప్పుడైనా తగ్గించవచ్చు. కాంట్రాక్టు ఉద్యోగంలో ఉన్నవారు దీన్ని నమ్ముకోవడం నాకు అసలు నచ్చదు.

ఇప్పుడు మీ లెక్కలే తీసుకుందాం. 38,000లో ఇంటి ఖర్చు, చీటీ పోతే 2,000. కెమెరా ఈఎంఐ సుమారు 1,270 పోతే మిగిలేది 730 రూపాయలు. మీరు కట్టాలనుకుంటున్న కొత్త ఈఎంఐ దాదాపు 4,170. ఇది ఎక్కణ్ణుంచి వస్తుందో ఉత్తరంలో లేదు. ఓవర్‌టైమ్ అంటారేమో, అది ప్రతి నెలా వస్తుందని రాసిచ్చేవాళ్లు ఎవరూ లేరు. రాని నెలలో బిల్లులో మినిమమ్ కట్టి ఊరుకుంటారు. అలా వదిలిన బాకీ మీద కార్డులు నెలకు మూడు, మూడున్నర శాతం వేస్తాయి, ఏడాదికి 40 దాకా పోతుంది. ఒక్కసారి బాకీ మిగిలిందంటే కొత్తగా కొన్న పాల ప్యాకెట్టు మీద కూడా మొదటి రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. లోన్ యాప్ గురించి నేను చర్చ కూడా పెట్టను. ఫోన్లో ఉంటే ఇప్పుడే తీసేయండి. ఫొటోలు తీసుకోవడానికి అలాంటి చోట అప్పు చేయడమేమిటి?

బల్క్‌లో చవకన్నది కూడా కాగితం మీదే. వంద అడుగుల్లో 36 ఫొటోల రీళ్లు పద్దెనిమిది వస్తాయి. 9,500కి రీలు 528 పడుతుంది, విడిగా కొనే 750తో పోలిస్తే బల్క్ రోల్‌కు మిగిలేది దాదాపు 4,000. లోడరు, క్యాసెట్లకు పెట్టే 4,500 మొదటి రోల్ మిగులును మొత్తం మింగేస్తుంది. 46,000 మీద ఏడాదికి కట్టే వడ్డీ 4,080, దాని మీద జీఎస్టీ 735, ప్రాసెసింగ్ ఫీజు వేరే. దాంతో రెండో రోల్ మిగులూ పోయింది. మీరు నాలుగు నెలల్లో తీసినవి మూడు రీళ్లు. ఈ లెక్కన 36 రీళ్లు తీయడానికి నాలుగేళ్లు పడుతుంది. ధర పెరుగుతుందన్న భయం సంగతీ చూద్దాం. రీలు మీద వంద పెరిగిందే అనుకోండి, ఏడాదికి తొమ్మిది రీళ్లకు మీకు పడే భారం 900. ఆ 900 తప్పించుకోవడానికి 46,000 అప్పు చేస్తారా?

నాలుగేళ్ల పాటు ఆ ఫిల్మ్‌ను విశాఖ గాలిలో దాచాలన్న సంగతి కూడా ఉంది. ఫ్రిజ్‌లో గాలి చొరని డబ్బాలో పెట్టాలి, బయటికి తీశాక గంటైనా ఆగి మూత తెరవాలి, లేకపోతే సముద్రపు తేమకు ఫిల్మ్ మీద నీరు పడుతుంది. మళ్లీ మళ్లీ వాడే క్యాసెట్ల మూతిలో బీచ్ ఇసుక రేణువు ఒక్కటి ఇరుక్కుంటే రీలు పొడవునా గీత. పాతికేళ్ల అనుభవమున్నవాళ్లు ఇవన్నీ చూసుకుంటారు. మీరు మొదలుపెట్టి నాలుగు నెలలు.

ఇక మీరడిగిన ఫిల్మ్. కెంట్‌మియర్ పాన్ 400 కొనండి, విడి రీళ్లే. 400 అంటే వెలుతురుకు ఫిల్మ్ స్పందించే వేగం, అంకె పెరిగితే తక్కువ వెలుతురు చాలు. ఇల్‌ఫర్డ్ ఫిల్మ్ తయారుచేసే ఇంగ్లండ్ కంపెనీ హార్మనే దీన్నీ తయారుచేస్తుంది, నేర్చుకునేవారికి ఏ లోటూ రాదు. చెక్ దేశపు ఫోమాపాన్ 400 పెట్టె మీద 400 అని ఉన్నా, నీడల్లో వివరం కావాలంటే 200, 250 దగ్గర పెట్టి తీయాలని వాడేవాళ్లు చాలామంది చెబుతారు. అంటే పూర్ణా మార్కెట్ సందుల్లో, తెల్లవారకముందు ఫిషింగ్ హార్బర్‌లో అది మీకు అనుకున్నంత సాయం చేయదు. ఆర్కే బీచ్‌లో పట్టపగలు తీయడానికైతే ఫోమాపాన్ 100 చక్కగా సరిపోతుంది. ఎర్రటి ఎండలో ఎఫ్16 అపర్చరు, 1/125 సెకను షట్టర్ వేగం పెట్టి తీయవచ్చు. అదే ఎండలో 400 ఫిల్మ్‌కు 1/500 కావాలి, పాత కెమెరాల్లో కొన్నింటికి అదే ఆఖరు వేగం. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5, కొడాక్ ట్రై-ఎక్స్ మంచివే, మీ బడ్జెట్‌కు ఇప్పుడు వద్దు. ఎక్స్‌పీ2 అని ఒకటుంది, అది బ్లాక్ అండ్ వైటే గాని కలర్ ఫిల్మ్ కెమికల్స్‌లో కడగాలి, పొరపాటున కొనకండి. గడువు దాటిన ఫిల్మ్ సగం ధరకు వస్తోందంటే అది ఎన్ని వేసవులు ఏ బీరువాలో గడిపిందో అడగండి.

నిజంగా డబ్బు మిగిలేది కడగడం దగ్గర. ఇంట్లో కడిగితే కెమికల్స్‌కు వంద పోయినా రీలుకు 500 మిగులుతుంది. డి-76 అనే డెవలపర్ లీటరు కలిపి, వాడేటప్పుడు సగానికి సగం నీళ్లు పోస్తే చిన్న ట్యాంకులో ఒక్కొక్కటిగా ఆరు రీళ్లు వస్తాయి. డెవలపర్ పని ఆపే స్టాప్ బాత్ బదులు మంచినీళ్లు చాలు, బొమ్మను నిలబెట్టే ఫిక్సరు మళ్లీ వాడుకోవచ్చు. ఇబ్బందల్లా మన వేసవే. డెవలపర్ 20 డిగ్రీల్లో ఉండాలి, మేలో కుళాయి నీళ్లే 30 దాటుతాయి. బేసిన్‌లో ఐసు వేసి సీసా అందులో నిలబెట్టాలి. వెలుతురు చొరని చేంజింగ్ బ్యాగ్‌లో చేతులు పెట్టిన నిమిషానికే చెమట పట్టి ఫిల్మ్ ట్యాంకులోని స్పైరల్ చట్రం మీద జరగదు, అందుకే తెల్లవారుజామున ఫ్యాను కింద కూర్చుని ఎక్కించడం మేలు. ట్యాంకు కొనండి, కాని నగదుతో, ఏడాదిన్నర తర్వాత. వీలైతే ఇద్దరు ముగ్గురు కలిసి కొనండి. స్కానరు అక్కర్లేదు, కింద నుంచి వెలిగే లైట్ ప్యాడ్ మీద నెగెటివ్ పెట్టి ఫోన్‌తో తీసుకోండి.

అప్పటిదాకా రెండు నెలలకో రీలు. కొరియర్‌తో కలిపి నెలకు 675 పడుతుంది, మీ 730లో సరిపోతుంది. ఇప్పుడు మీరు తీస్తున్న వేగానికి నెలకు వెయ్యి దాటుతోంది. ఆ తేడా 22,000లోంచో, కార్డులోంచో పోతూ ఉండాలి. ఒకసారి స్టేట్‌మెంట్ తీసి చూడండి.

ఏడాదిన్నర అని ఎందుకన్నానంటే, ఆలోగా మీ అత్యవసర నిధి నిండాలి. కాంట్రాక్టు ఉద్యోగం, ఇంట్లో పెద్దావిడ, చంటిపిల్ల ఉన్నప్పుడు ఆరు నెలల ఖర్చుకు తగ్గకూడదు. మీకది 1,86,000. మీ దగ్గరున్నది ఒక నెలకు కూడా చాలదు. విశాఖలో ఉంటూ దీన్ని వాయిదా వేయడం నాకు అర్థం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయలేదు, పెట్రోలుకు క్యూలు. లక్షన్నర లిమిట్ ఉన్న కార్డు ఆ వారం పాలు కూడా కొనిపెట్టలేదు. అందుకే నిధిలో పది వేలు ఇంట్లో నోట్ల రూపంలో ఉంచండి, మిగతాది స్వీప్ ఎఫ్‌డీలో, అంటే అవసరమైతే పొదుపు ఖాతాలోంచే తీసుకోగల ఎఫ్‌డీలో. ఈక్విటీ ఫండ్లు, బంగారం మాట ఇప్పుడు వద్దు.

చీటీని కూడా అత్యవసర నిధిగా లెక్కవేయకండి. అవసరమైన రోజున పాట మీకే రావాలని లేదు, వచ్చినా తొందరలో ఎక్కువ తగ్గించి పాడతారు. రిజిస్టరైన చీటీనో కాదో కనుక్కోండి. సరైనదైతే చివరిదాకా ఆగి తీసుకుని, ఆ మొత్తం అలాగే ఎఫ్‌డీలో వేయండి. ఎనిమిది నెలల్లో కెమెరా ఈఎంఐ అయిపోతుంది. ఆ 1,270, చీటీ పూర్తయ్యాక దాని 5,000 కూడా నిధికే వెళ్లాలి.

ఓవర్‌టైమ్ వచ్చిన నెల ఆ డబ్బు ఆరోగ్య బీమాకు. కంపెనీ ఇచ్చిన కవర్ కాంట్రాక్టుతోపాటే పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంల మీద జీఎస్టీ లేదు, అది మీకు కొంత కలిసొస్తుంది. అమ్మగారికి విడిగా, మీ ముగ్గురికి ఫ్లోటర్, అంటే ముగ్గురికీ కలిపి ఒకే పాలసీ. తర్వాత మీ పేరున టర్మ్ పాలసీ.

ఇంట్లో చెప్పలేదన్నారు. ఈ ఆదివారం మీ ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని కార్డు స్టేట్‌మెంట్, చీటీ పుస్తకం చూపించండి. ఎఫ్‌డీ మీ ఇద్దరి పేరా, ఎవరు వెళ్లినా తీసుకునేలా పెట్టండి. ఇంట్లో దాచిన పది వేలు ఎక్కడుందో ఆమెకు తెలియాలి.