రాణిగంజ్ షాపుకి కొత్త సాఫ్ట్‌వేర్: కొనాలా, అద్దెకు తీసుకోవాలా, రాయించుకోవాలా?

హైదరాబాద్

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

మీ పైపుల షాపుకి కొత్త సాఫ్ట్‌వేర్ కోసం నువ్వు పంపిన మూడు కొటేషన్లూ చదివాను. ఒకరు నెలనెలా అద్దె కట్టి వాడుకోమంటున్నారు. మాదాపూర్ కుర్రాళ్ళు మీ షాపు కోసమే మొదటినుంచీ రాసిస్తామంటున్నారు. మూడోవాళ్ళు ఈఆర్‌పీనెక్స్ట్ అనే రెడీమేడ్ వ్యాపార సాఫ్ట్‌వేర్ తెచ్చి, మీ పద్ధతికి తగ్గట్టు అమర్చి ఇస్తామంటున్నారు. ఈ మూడింట్లో ఏది మంచిదని అడిగావు. వాటి పక్కన నాలుగోది కూడా పెట్టి చూడమ్మా: ఇప్పుడున్న లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీని ఉంచుకుని, ఎక్కడ ఇబ్బందిగా ఉందో అక్కడ మాత్రమే మార్పులు చేయించడం. దానికి ఎవరూ కొటేషన్ ఇవ్వలేదు కాబట్టి అది నీ లెక్కలోకే రాలేదు.

బాలానగర్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ, సిస్టం మార్చిన ప్రతిసారీ ఆ నిర్ణయంలో నేనున్నాను. అక్కడ నేర్చుకున్నది చెబుతాను. షాపు మొత్తానికి ఒకే దారి ఎంచుకోవాలని ఎవరూ అనలేదు. ముందు పనిని రెండుగా విడదీయి. ఒకటి ప్రభుత్వం చెప్పినట్టు చేసి తీరాల్సిన పని. రెండోది మీ నాన్న రాణిగంజ్‌లో ఇన్నేళ్ళుగా తనదైన పద్ధతిలో నడిపిన వ్యాపారం. మొదటిదాన్ని ఎప్పుడూ సొంతంగా రాయించుకోవద్దు. డబ్బు ఖర్చు పెట్టదలిస్తే రెండోదాని మీద పెట్టు.

మొదటిదాన్ని ఎందుకు వద్దంటున్నానో చూడు. జీఎస్టీ 2017 జులై 1న వచ్చింది. ఈ-ఇన్వాయిస్, అంటే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం, 2020 అక్టోబరులో ఏడాది టర్నోవరు 500 కోట్లు దాటిన కంపెనీలతో మొదలై, 100 కోట్లకు, 50 కోట్లకు, 20కి, 10కి దిగుతూ 2023 ఆగస్టు 1కి 5 కోట్ల దగ్గరకు వచ్చింది. మూడేళ్ళు కూడా పట్టలేదు. 10 కోట్లు, అంతకు పైన ఉన్నవాళ్ళు బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోపు పోర్టల్‌కి ఎక్కించాలన్న నిబంధన 2025 ఏప్రిల్ నుంచి వచ్చింది. మీరు ఆ గీతకి దగ్గర్లోనే ఉన్నారు. మీ నాన్న కొత్తగా పెట్టిన సోలార్ వాటర్ హీటర్లనే తీసుకో. వాటి మీద 12 శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమైంది. ఆ తేదీకి ముందు అమ్మిన హీటరు తర్వాత వెనక్కి వస్తే క్రెడిట్ నోటు పాత రేటుతోనే ఇవ్వాలి. అంటే సాఫ్ట్‌వేర్‌కి రెండు రేట్లూ, వాటి తేదీలూ తెలిసుండాలి. ఇలాంటి మార్పు వచ్చిన ప్రతిసారీ లక్షల మంది వాడే సాఫ్ట్‌వేర్ అయితే అప్‌డేట్ ఇచ్చి తీరుతుంది, లేకపోతే వాళ్ళ వ్యాపారమే నడవదు. మాదాపూర్ కుర్రాళ్ళకు మీరు పదిమంది పార్టీల్లో ఒకరు. వాళ్ళు తెలివైనవాళ్ళే, కానీ ఆ వారం వాళ్ళు వేరే పనిలో ఉంటే మీ బిల్లింగు ఆగిపోతుంది.

ఇక రెండోది, మీ అసలు వ్యాపారం. దీని గురించి కొటేషన్లలో ఒక్క వాక్యం కూడా లేదు. "ఇన్వెంటరీ మాడ్యూల్" అని రాసి ధర వేశారు. మీ ఇన్వెంటరీ అంటే ఏమిటో వాళ్ళలో ఎవరూ అడిగినట్టు లేదు.

పైపు మీరు టన్నుల్లో కొంటారు, లెంగ్తుల్లో పేరుస్తారు, మీటర్లలో కూడా అమ్ముతారు. ఒక అంగుళం మీడియం ఎంఎస్ బ్లాక్ (పూత లేని మామూలు ఉక్కు) పైపు బయటి వ్యాసం 33.7 మిల్లీమీటర్లు, మందం 3.2. వ్యాసంలోంచి మందం తీసేసి, దాన్ని మందంతోనూ 0.02466తోనూ హెచ్చిస్తే మీటరు బరువు వస్తుంది, సుమారు 2.41 కిలోలు. ఆరు మీటర్ల లెంగ్తు పద్నాలుగున్నర కిలోలకు కాస్త తక్కువ. టన్నుకు 69 లెంగ్తులు. ఇది కాగితం మీది లెక్క. వచ్చిన లారీలో పైపు మందం కాస్త అటూ ఇటూ ఉంటుంది, కాటా మీద టన్ను తూగిన సరుకు లెక్కపెడితే 68 ఉండొచ్చు, 71 ఉండొచ్చు. జీఐ అయితే జింకు పూత బరువు అదనం. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఒక టన్ను అంటే ఇన్ని లెంగ్తులని తనంతట తాను మార్చేసుకుంటే సరిపోదు. ప్రతి లారీకీ కాటా బరువు, లెంగ్తుల సంఖ్య రెండూ వేర్వేరుగా రాసుకోగలగాలి. లేకపోతే ఏడాది చివర స్టాకు లెక్క బరువులో సరిపోయి సంఖ్యలో తేలదు, లేదా సంఖ్యలో సరిపోయి బరువులో తేలదు. అప్పుడు బోయిన్‌పల్లి గోడౌన్‌లో ఉన్న మనిషిని అనవసరంగా అనుమానిస్తారు.

కట్ పీసులు ఇంకో తంటా. ఎవరో నాలుగు మీటర్లు అడిగారు, కోసి ఇచ్చారు, రెండు మీటర్ల ముక్క మిగిలింది. అది స్టాకులో ఉందా లేదా? కాగితం మీద ఉంటుంది, మళ్ళీ రెండు మీటర్లు అడిగినవాడికి మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకుని ఇవ్వరు, కొత్త లెంగ్తు కోస్తారు. ఆ ముక్కలు గోడౌన్ మూలన పేరుకుపోయి చివరికి తుక్కు ధరకి పోతాయి. మీ లాభంలో ఒక భాగం అక్కడే కారిపోతోందని నా నమ్మకం.

తర్వాత కాంట్రాక్టర్ల రేట్లు. ఒకే కాంట్రాక్టరుకి కొంపల్లి సైటుకి ఒక రేటు, శంషాబాద్ సైటుకి డెలివరీ కలిపి ఇంకో రేటు. ఉద్దెర కూడా సైటును బట్టే, పాత సైటు బకాయి తీరకుండా కొత్త సైటుకి సరుకు వెళ్ళకూడదని మీ నాన్న నియమం. ఆయన తలలో ఉన్న ఈ నియమమే మిమ్మల్ని ఇన్నాళ్ళు మొండి బాకీల నుంచి కాపాడింది. అది సిస్టంలోకి రావాలి. ఆయన ఆరోగ్యం బాగున్నప్పుడే కూర్చోబెట్టి, ఏ పార్టీకి ఏ షరతులో అన్నీ రాయించుకో.

అందుకని డెమోకి వచ్చినవాళ్ళని వాళ్ళ శాంపిల్ డేటా చూపించనివ్వకు. రద్దీగా గడిచిన ఒక రోజు తీసుకుని, ఆ రోజు బిల్లులు, డెలివరీ చలాన్లు, వాపసు సరుకు, లారీ కాటా చీటీ అన్నీ ముందు పెట్టు. "మా ముందు ఇవి ఎక్కించి సాయంత్రానికి స్టాకు, బకాయిలు చూపించండి" అని చెప్పు. ఎక్కడ తడబడితే అక్కడే మీ ఖర్చు ఉంటుంది. "అది కస్టమైజేషన్‌లో చేసేస్తాం" అన్న ప్రతి మాటా రాసిపెట్టుకుని, ఒక్కోదానికీ ధర అడుగు. ట్యాలీ పార్ట్‌నర్‌ని, అంటే ట్యాలీ అమ్మి అమర్చేవాళ్ళని, కూడా ఒకర్ని పిలిచి ఇదే పరీక్ష పెట్టు. ట్యాలీలో మార్పులు రాసే భాష టీడీఎల్ బాగా వచ్చినవాళ్ళు ట్యాలీలోనే చాలా పనులు చేసి పెడతారు.

మాదాపూర్ కుర్రాళ్ళ ఒప్పందం చదివాను. అందులో సోర్స్ కోడ్ (ప్రోగ్రాం అసలు రాత) ఎవరిదన్న మాటే లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం కింద కంప్యూటర్ ప్రోగ్రాం కూడా రచనే. నీ దగ్గర జీతానికి ఉన్న ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాస్తే హక్కు నీది. బయటివాళ్ళు కాంట్రాక్టు మీద రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు రాసినవాళ్ళదే, డబ్బంతా నువ్వే ఇచ్చినా సరే. హక్కు నీకు రావాలంటే రాతపూర్వకంగా, వాళ్ళ సంతకంతో బదిలీ చేయాలి. అందులో గడువు రాయకపోతే ఐదేళ్ళకే అని, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే అని చట్టం అనుకుంటుంది. మీ వకీలు గారికి చూపించకుండా సంతకం చేయొద్దు. బాలానగర్‌లో మాకు సరుకిచ్చే ఒక సంస్థ హక్కు మాట లేకుండానే ఇలా రాయించుకుంది. రాసిన మనిషి విదేశానికి వెళ్ళిపోయాక వాళ్ళకి చిన్న రిపోర్టు మార్చుకునే దారి కూడా లేకపోయింది. కోడ్ ఎప్పటికప్పుడు షాపు పేరు మీదున్న ఖాతాలో పెట్టించు. సర్వరు, వెబ్ అడ్రసు, ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు, అన్నీ షాపువే కావాలి, వాళ్ళలో ఎవరి సొంతమూ కాకూడదు.

అద్దె సాఫ్ట్‌వేర్‌తో భయం వేరు. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. మూడేళ్ళ తర్వాత నువ్వు అద్దె కట్టడం మానేస్తే పాత బిల్లులు ఎక్కడుంటాయి? మొత్తం డేటా, అంటే ఐటమ్ మాస్టర్, పార్టీ లెడ్జర్లు, ప్రతి బిల్లూ వివరాలతో సహా, ఎక్సెల్‌లో ఎప్పుడంటే అప్పుడు దింపుకోవచ్చా అని అడుగు. అవునంటే డెమోలోనే దింపి చూపించమను. రేటు ఎన్నేళ్ళ వరకు పెంచరో కూడా రాయించుకో.

ఈఆర్‌పీనెక్స్ట్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ముంబైలోని ఫ్రాపే వాళ్ళు తయారుచేసింది, సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది, లైసెన్సు ఖర్చు లేదు. ఖర్చంతా సర్వరుది, అమర్చేవాళ్ళది, తర్వాత చూసుకునే మనిషిది. అమర్చినవాళ్ళు నచ్చకపోతే అదే సిస్టంతో ఇంకొకరి దగ్గరకు వెళ్ళొచ్చు. ఈ ఒక్క గుణం వల్లే దాన్ని నేను మాదాపూర్ కొటేషన్ కంటే పైన పెడతాను.

డబ్బు లెక్క ఐదేళ్ళకి వేయి, మొదటి ఏడాదికి కాదు. అద్దె ఒక్కో మనిషికి నెలకు వెయ్యి అనుకుంటే, పన్నెండు మందికి ఏడాదికి 1,44,000, ఐదేళ్ళకు 7,20,000. ఆరు లక్షలకు రాయించుకుని, రెండో ఏడాది నుంచి ఏటా 20 శాతం ఏఎంసీ (నిర్వహణ ఖర్చు) కడితే నాలుగేళ్ళకు 4,80,000 కలిసి మొత్తం 10,80,000. చూడ్డానికి చౌకగా ఉన్నది ఖరీదై కూర్చుంటుంది. రెండింటికీ మీవాళ్ళు నేర్చుకునే కాలం, పాత డేటా ఎక్కించే కూలి కలుపు. వీటి మీద కట్టే జీఎస్టీ 18 శాతం మీ పన్నులో క్రెడిట్‌గా తిరిగి వస్తుంది కాబట్టి దాన్ని పోలికలోంచి తీసేయొచ్చు.

ఎవరిని ఎంచుకున్నా తప్పని పని ఒకటుంది, దాన్ని ఈ వారమే మొదలుపెట్టు. మీ ఐటమ్ లిస్టులో ఒకే అంగుళం జీఐ ఎల్బో నాలుగు పేర్లతో ఉంది. ఒకటి "ఎల్బో 1", ఒకటి "జీఐ ఎల్బో 25", ఇలా. వాటిని ఒక పేరు కిందికి తెచ్చి, హెచ్ఎస్ఎన్ కోడ్ (పన్ను కోసం సరుకు రకాన్ని చెప్పే అంకె) సరిచూడు. పైపులు 7306, ఫిట్టింగులు 7307, వాల్వులు 8481తో మొదలవుతాయి. మీ టర్నోవరుకి ఆరంకెల కోడ్ కావాలి. ఇది వెండరు చేసే పని కాదు, సరుకు తెలిసిన మనిషే చేయాలి. మీ పాత గుమాస్తా గారికి అప్పగించు, పక్కన ఎవరైనా కుర్రాణ్ణి కూర్చోబెట్టు.

గోడౌన్ మనిషి మాట కూడా విను. అతనికి హిందీ వచ్చు, తెలుగు వచ్చు, ఇంగ్లీషు స్క్రీన్ మీద చదవడం కష్టం. అతను ఫోన్లో నాలుగు నొక్కులతో చలాన్ వేయలేకపోతే పాత చీటీ పుస్తకమే వాడతాడు, మీ సిస్టంలో సాయంత్రం ఎవరో గుర్తున్నంత ఎక్కిస్తారు. మాదాపూర్ కుర్రాళ్ళకు ఇవ్వదగిన పని ఇదే. గోడౌన్ చలాన్ కోసం చిన్న యాప్, తెలుగు హిందీ రెండింట్లో, పైపు బొమ్మలతో. ఆ చిన్న పనిలో వాళ్ళు నిలబడితే తర్వాత పెద్దది చూద్దువుగాని.

నా మాట అడిగావు కాబట్టి చెబుతున్నాను: లెక్కలు, జీఎస్టీ ట్యాలీలోనే ఉండనీ. పైపుల లెక్క, సైటు రేట్లు టీడీఎల్‌తో కుదురుతాయేమో ముందు పరీక్షించు. కుదరకపోతే స్టాకు, అమ్మకాల వరకు ఈఆర్‌పీనెక్స్ట్. కానీ రెండు సిస్టంలు పెట్టుకుంటే బిల్లు ఒక్కచోటే పుట్టాలి, రెండోచోటికి దానంతటదే వెళ్ళాలి. రెండుచోట్లా చేత్తో ఎక్కించే ఏర్పాటుకి ఒప్పుకోవద్దు.

మారే రోజు ఏప్రిల్ 1 అయితే బిల్లు నంబర్ల వరుస కొత్తగా మొదలవుతుంది, అది సుఖం. మార్చిలో మీ షాపు రద్దీ నాకు తెలుసు, కాబట్టి శిక్షణ, పాత డేటా పని జనవరి ఫిబ్రవరిలోనే ముగించాలి. మధ్యలో మారాల్సి వస్తే కొత్త బిల్లులకు వేరే అక్షరాలతో వరుస పెట్టు, అంకెలూ అక్షరాలూ కలిపి పదహారు దాటకూడదు. ఒక నెల పాతదీ కొత్తదీ రెండూ నడపండి. ఆ నెల సరిగ్గా తేలాకే చివరి వాయిదా డబ్బు ఇస్తానని ఇప్పుడే ఒప్పందంలో రాయించు.

ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు. నాన్న చెప్పే ఉద్దెర నియమాలు రాశాక ఆ కాగితాలు, మాదాపూర్ వాళ్ళ ఒప్పందం తీసుకుని ఆదివారం ఇంటికి రా. వచ్చేటప్పుడు గోడౌన్ చీటీ పుస్తకం కూడా ఒకటి పట్టుకురా, ట్యాలీ పార్ట్‌నర్‌కి పెట్టాల్సిన పరీక్ష దాన్నుంచే తయారుచేద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న