రదీఫ్‌ను మీర్జా అబ్దుల్లాయే స్వరపరిచారా?

లేదు, ఇరాన్ శాస్త్రీయ సంగీతంలో బాణీల వరుసను రదీఫ్ అంటారు; తార్, సెతార్ విద్వాంసుడు మీర్జా అబ్దుల్లా (1843–1918) దాన్ని కొత్తగా కట్టలేదు. అప్పటికే నోటి నుంచి నోటికి, చేతి నుంచి చేతికి వస్తున్న బాణీలను వరుసలో పేర్చి పాఠంగా మలిచారు.

ఇందులో చిన్న స్వరఖండాన్ని గూషే అంటారు. ఆయన వరుసలో ఇలాంటివి సుమారు 250 ఉన్నాయి; అవి ఏడు దస్త్‌గాలు (ప్రధాన రాగ వ్యవస్థలు), ఐదు ఆవాజ్‌ల (వాటి ఉపశాఖలు) కింద ఉంటాయి. ఆయన తండ్రి అలీ అక్బర్ ఫరాహానీ అప్పటి ఇరాన్ పాలకులైన కజార్ వంశపు ఆస్థానంలో తార్ అనే తంత్రీవాద్య విద్వాంసుడు. తండ్రి త్వరగా పోవడంతో ఆ విద్య బంధువు గులాం హుస్సేన్ దగ్గర నేర్చుకున్నారు. అడిగినవాళ్లకు దాచుకోకుండా నేర్పడమే ఆయన చేసిన అసలైన మేలు. అందుకే ఆ వరుస ఆయన పేరుతో నిలిచింది.

ఉదాహరణకు చహార్‌గా అనే దస్త్‌గా తీసుకోండి. దరామద్ అనే ఆరంభ భాగంతో కింది స్థాయిలో మొదలవుతుంది. తర్వాత జాబోల్, హెసార్, మొఖాలెఫ్ అనే గూషేలు వస్తాయి. ఒక్కోదానికీ రాగం నిలిచే స్వరం పైకి జరుగుతుంది, టెన్షన్ పెరుగుతుంది. చివరికి ఫొరూద్ అనే ముగింపు పలుకుతో మళ్లీ మొదటి స్వరానికి దిగుతుంది. సెతార్ అనే తంత్రీవాద్యం మీద చూపుడువేలి గోటితో మీటుతుంటే ఆ దిగడం చాలా హాయిగా ఉంటుంది.

చాలామంది రదీఫ్ అంటే మన కృతుల్లా కచేరీలో ఉన్నదున్నట్టు వాయించేదనుకుంటారు. కాదు. శిష్యుడు ఏళ్ల తరబడి కంఠస్థం చేస్తాడు, వేదికపై దాని ఆధారంగా అప్పటికప్పుడు మనోధర్మంతో అల్లుతాడు.