భాషా సందేహాలు: ఎక్కడ కోయాలి, ఎక్కడ ఆగాలి

ప్రశ్న: మునిసిపల్ కమిషనర్‌కు ఇలా అర్జీ రాశాను: "మా వీధిలో గల మురుగు కాలువ యొక్క పూడికను తీయించవలసినదిగా గతంలో కూడా తమరికి విన్నవించుకోవడం జరిగింది. అయినప్పటికీ ఇంతవరకు ఎటువంటి చర్యలు తీసుకోబడలేదు." సాగదీశానంటున్నారు. ఏం తీసెయ్యాలి?

జవాబు: ముందు 'జరిగింది' తీసెయ్యండి. 'విన్నవించాను' అనే ఒక్క క్రియను 'విన్నవించుకోవడం' అని నామవాచకం చేశారు. దాన్ని నిలబెట్టడానికి 'జరిగింది' అనే ఇంకో క్రియ కావలసి వచ్చింది. తీరా చూస్తే విన్నవించింది ఎవరో వాక్యంలో లేదు. ప్రెస్‌మీట్లలో ఈ 'చేయడం జరిగింది' అంత ప్రియం కావడానికి కారణం బహుశా అదే! 'తీసుకోబడలేదు'ది కూడా ఇదే జబ్బు. 'యొక్క' అసలు అక్కర్లేదు. పక్కపక్కన పెడితే చాలు, 'కాలువ పూడిక', 'ఇంటి తలుపు' అని సంబంధం తెలిసిపోతుంది. 'గల' కూడా అంతే.

ఇలా రాయండి: "మా వీధి మురుగు కాలువలో పూడిక తీయించాలని మార్చి 3న, జూన్ 12న అర్జీలు ఇచ్చాను. ఇంతవరకు ఎవరూ రాలేదు." (తేదీలు మీవి వేసుకోండి.) 18 మాటలు 15 అయ్యాయి, అదీ రెండు తేదీలు చేరాక. 'గతంలో కూడా' అంటే గుమాస్తా ఏ ఫైలు వెతకాలి? తేదీ ఉంటే వెతుకుతాడు. పైన 'ఆర్యా', చివర ఒక్క 'దయచేసి' ఉంచండి, మర్యాదకు అవి చాలు.

ప్రశ్న: క్లుప్తత కోసం 'నేను', 'మీరు' అనే మాటలు, 'విద్యార్థులను'లో చివరి 'ను' లాంటివి తీసేస్తుంటాను. తప్పా?

జవాబు: 'వచ్చాను'లో 'నేను' ఉంది కాబట్టి తీసెయ్యవచ్చు. 'వచ్చింది' దగ్గర జాగ్రత్త: అక్క కావచ్చు, ఆవు కావచ్చు, ఉత్తరమూ కావచ్చు. 'వచ్చారు' అన్నా మీరో, వారో తేలదు. ముందు వాక్యంలో పేరు లేకపోతే కర్తను ఉంచాల్సిందే. ఇక 'ను': ప్రాణం లేనివాటికి వదిలేసినా ఇబ్బంది లేదు, 'పుస్తకం తెచ్చాను' అంటాం. మనుషుల దగ్గర వదిలితే 'విద్యార్థులు పోలీసులు కొట్టారు' అవుతుంది. దెబ్బలు తిన్నదెవరు?

ప్రశ్న: 'మొట్టమొదట' పునరుక్తి కాదా?

జవాబు: కాదు. కట్టకడ, నట్టనడుమ లాగే అది ఆమ్రేడితం, అంటే ఒకే మాట రెండుసార్లు రావడం (మొదట + మొదట), నొక్కి చెప్పడానికి వాడేది. 'మళ్లీ పునఃప్రారంభం' మాత్రం పునరుక్తే, అందులో 'మళ్లీ' కొట్టెయ్యండి.