ఫ్రెంచ్ వాళ్ల బంగాళాదుంప, లీక్ సూప్ ఇంట్లో ఎలా చేయాలి?

ఫ్రాన్స్‌లో దీన్ని పొటాజ్ పార్మాంతియే అంటారు. బంగాళాదుంపను అక్కడి జనానికి అలవాటు చేయడానికి పాటుపడ్డ ఫార్మసిస్టు పార్మాంతియే (1737–1813) పేరు మీద వచ్చిందీ పేరు.

నలుగురికి 3 లీక్‌లు (ఉల్లికాడల్లాంటి కూరగాయే, కాకపోతే బాగా లావుగా ఉంటుంది), అర కిలో దుంపలు, 30 గ్రాముల వెన్న, లీటరు నీళ్లు, ఉప్పు చాలు. లీక్‌లో తెల్లటి, లేత ఆకుపచ్చ భాగాలే వాడాలి. పొరల మధ్య మట్టి దాక్కుంటుంది. నిలువుగా చీల్చి కడగకపోతే సూప్‌లో ఇసుక పంటికింద తగులుతుంది. సన్నగా తరిగి, వెన్నలో సన్నసెగ మీద 10 నిమిషాలు మగ్గనివ్వండి. కూరకి ఉల్లిపాయలు వేయించినట్టు ఎర్రబడనిస్తే రుచే మారిపోతుంది. తర్వాత దుంప ముక్కలు, నీళ్లు, ఉప్పు వేసి ఓ 25 నిమిషాలు మెత్తగా ఉడికించండి.

అసలు చిక్కు ఇక్కడే. మిక్సీలో గిర్రున తిప్పేస్తే దుంపలోని పిండిపదార్థం బయటికొచ్చి సూప్ జిగురులా సాగుతుంది. పప్పుగుత్తితో మెదపడమే నయం. చివర్లో రెండు చెంచాల క్రీమ్, కాస్త మిరియాల పొడి.

లీక్ దొరక్కపోతే ఉల్లికాడల తెల్లభాగం వేయొచ్చు, ఘాటు మాత్రం కొంచెం ఎక్కువ. ఇదే సూప్‌ని నున్నగా వడకట్టి, క్రీమ్ పెంచి, ఫ్రిజ్‌లో చల్లబరిస్తే విషిస్వాజ్.